మా మేనత్త కుక్కల వాకిలి

మా మేనత్త పోయింది. ఖానాపూర్ బస్సు దిగి వచ్చిన ఆ ఊరి మనిషి, చెప్పులు గడప బయట విడవకముందే ఆ మాట చెప్పాడు. "జరమొచ్చింది, పండుకున్నది, మల్ల లేవలే," అన్నాడు. మంచిర్యాలలో మా ఇంటి వెనకే రైలు పట్టాలు. ఆ సమయానికి బండి కూత వేస్తుంటే సరిగ్గా వినపడక మళ్లీ చెప్పించుకున్నాను. రెండోసారి విన్నాక నా నోట వచ్చిన మొదటి మాట, "కుక్కలేడున్నయి?" అని. "రెండే ఉండె. ఎదురింటి గొల్లోళ్లు తోల్క పోయిండ్రు," అన్నాడతను. అప్పుడు కూర్చుని ఏడ్చాను. అంతదాకా నన్ను నిలబెట్టింది భయమే.

నన్ను ఎరిగినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు. నేను పుట్టు భయస్తురాలిని. ఉరుముకు భయం, బల్లికి భయం, పోలీసు టోపీకి భయం. కుక్క మొరిగితే ఇప్పటికీ కొంగు బిగించుకుని గోడకు ఆనుకుంటాను, మా పిల్లలు నవ్వుతారు. అలాంటి నేను, వాకిలి నిండా కుక్కలున్న ఆమె దగ్గర చిన్నప్పుడు ఒక ఏడాది బతికాను. ఆమె గురించి రాయాలంటే భయం గురించే రాయాల్సి వస్తుంది. ఆమె ఏమీ అనుకోదు. "భయమున్నోడే తలుపు సక్కగ పెడ్తడు" అనేది.

నైజాం రాజ్యం పోయిన కొత్త రోజులు. మా అవ్వ, అంటే అమ్మ, కాన్పయి మంచం పట్టింది. బాపుకు రైల్వేలో రాత్రీ పగలూ డ్యూటీ. నన్ను చూసేవాళ్లు లేక మేనత్త దగ్గర దింపి వచ్చాడు. ఆమె ఇల్లు ఊరి చివర, ఇంటి వెనక జొన్న చేను, చేను వెనక అడవి. బండి ఆగగానే కుక్కలన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి. నేను కిందికి దూకి పరుగెత్తబోయాను. ఆమె లోపలినుంచి బయటికి కూడా రాకుండానే అరిచింది.

"ఉరకకు కోడలా. ఉరికినవా, వాటికి నువ్వు కుందేలువే. కూసో ఆడనే."

దుమ్ములో కూలబడ్డాను. నాలుగు ముక్కులు నా మెడ, చెవులు, అరచేతులు అన్నీ వాసన చూశాయి. నా లంగా తడిసింది. ఆమె వచ్చి చూసి నవ్వలేదు. చెయ్యి పట్టుకుని లేపి, నీళ్ల గోలెం దగ్గరికి తీసుకుపోయి కడిగి, తన పాత చీర ముక్క చుట్టింది. "బాపుకు చెప్పకు" అన్నాను. "గిది గూడ చెప్పే ముచ్చటనానే" అంది. ఆ ఒక్కదానికే ఆమె మీద నాకు ప్రేమ కలిగింది. కుక్కల మీద మాత్రం కలగలేదు.

మా మామ చనిపోయి అప్పటికి చాలా కాలమైంది. పిల్లలు లేరు. మగదిక్కు లేని ఇల్లు అని ఊరందరికీ తెలుసు, అడవిపందులకు కూడా తెలుసు. రజాకార్ల రోజుల్లో ఎవరో తలుపు తట్టి పోయారట. మర్నాడే గొల్లవాళ్ల దగ్గర ఒక ఆడకుక్కపిల్లను తెచ్చుకుంది. అది కర్రెది, అంటే నల్లది. తర్వాత షేరు, మోతి వచ్చాయి. చివర వచ్చింది మొండితోక. దాని తోక ఎవరు కోశారో ఎవరికీ తెలియదు. ఇన్ని ఎందుకని అడిగితే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: "ఒక్కటుంటే అది మన మొఖమే సూస్కుంట కూసుంటది. నాలుగుంటే ఒకదాన్నొకటి సూసుకుంటయి. మన పని మనం చేసుకోవచ్చు."

చేసుకునే పని మాత్రం అంత తేలిక కాదు. పొద్దున లేస్తే ముందు కుక్కల లెక్కే. ఏది చేనుకు రావాలి, ఏది ఇంటి దగ్గర ఉండాలి, దేన్ని పగలు కట్టెయ్యాలి. షేరును, మోతిని కలిపి పంపితే పందిని వదిలేసి వాటిలో అవే కొట్లాడుకుంటాయి. మొండితోకను కట్టేస్తే తాడు కొరుకుతుంది, వదిలేస్తే ఎవరి కోళ్లనో పట్టుకొస్తుంది. పొద్దు వాలుతుంటే ఒక్కోదానికీ మెడలో ఇనుప ముండ్ల పట్టీ కట్టేది. చిరుతపులి కుక్కను మెడ దగ్గరే పట్టుకుంటుంది గదా, అందుకు. కట్టేటప్పుడు ఒక్కటీ కదిలేది కాదు. నేను మాత్రం మూలన కూర్చుని, ఈ పట్టీలు కుక్కలకేనా మనుషులకు కూడా ఉంటాయా అని ఆలోచించేదాన్ని.

అందరికీ జొన్న గట్కే, అంటే ఉడికించిన జొన్న రవ్వే. ఆమెకూ నాకూ వాటికీ ఒకే కుండలో వండేది. మాకు కాస్త పచ్చిపులుసు ఎక్కువ, అంతే తేడా. అన్నిటికంటే బక్కదానికి ముందు పెట్టేది. బలమైనది ముందు తినాలని దూకితే చేత్తో మూతి మీద కొట్టి, "నువ్వు ఆగగలవు, అది ఆగలేదు" అనేది. ఆ మాట నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది, ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

కర్రెది ఈనితే ఎన్ని పిల్లల్ని ఉంచాలి, ఎన్నిటిని ఇవ్వాలి అన్నది పెద్ద పంచాయితీ. ఊరికే ఎవరికీ ఇచ్చేది కాదు. పిడికెడు జొన్నలైనా తెచ్చి తన చేటలో పోయాల్సిందే. "ఊరికే ఇచ్చిన పిల్ల ఊరి మీద పడ్తది" అనేది. పిల్లల్ని ఎత్తుకుపోయే రోజు కర్రెది వాకిట్లో కూర్చుని చూస్తుండేది. అరిచేది కాదు. అది దేనికీ అరిచేది కాదు. ఒకసారి చిరుత దాని వీపును గీరి పోయింది, తోలు లేచింది. అత్త పసుపు అద్దుతుంటే కళ్లు మూసుకుని నిలబడిందట. దాని ఓర్పు గురించి ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్పే మా పాలిట ఏమయిందో ఇప్పుడు చెప్పాలి.

జొన్నకోతలయ్యాక ఒక తెల్లవారుజామున వాకిట్లో పెద్ద కొట్లాట. ఎక్కడిదో ఎర్ర కుక్క వచ్చి పడింది. మా నాలుగూ దాని మీద పడ్డాయి. దుమ్ములో ఏది ఎవరిదో తెలియలేదు. అత్త కట్టె పట్టుకుని పోయేసరికి ఎర్రది తూలుకుంటూ వెళ్లిపోయింది. కుక్కల కొట్లాటలు మామూలే కనుక ఆమె పట్టించుకోలేదు. ఎండ ఎక్కాక ఎదురింటి గొల్లతాత గొర్రెలను వదిలేసి ఉరికొచ్చాడు.

"అవ్వా, పొద్దుగాల మీ ఇంటికి ఎర్ర కుక్క వచ్చెనా? అది పిస్స కుక్క. అవుతలి ఊర్ల ఇద్దర్ని కరిసిందట. కొట్టి సంపిండ్రు."

అత్త చేతిలో చేట అలాగే ఉండిపోయింది. నాకు పిచ్చికుక్క గురించి అప్పటికే అన్నీ తెలుసు. కరిచిన మనిషి కుక్కలా మొరుగుతాడని, నీళ్లు చూస్తే గుడ్లు తేలేస్తాడని, మంచానికి కట్టేస్తారని బడిలో పిల్లలు చెప్పుకునేవారు. నేను ఎక్కి నిలబడటానికి ఎత్తైనదేదైనా ఉందా అని చూశాను.

ఏ కుక్కను కరిచింది, దేన్ని కరవలేదు? బొచ్చులో పంటి గాట్లు కనపడవు. మా దిక్కున కుక్క కరిస్తే కాటు మీద కారం మెత్తుతారు. మంట లేస్తే విషం దిగుతుందని నమ్మకం. అత్త ఆ పద్ధతినే కొంచెం తిప్పింది. కారం నీళ్లలో కలిపి, ఒక్కో కుక్కను పట్టుకుని చెవులనుంచి తోకదాకా రుద్దింది. గాయమున్నది ఏడుస్తుంది, లేనిది ఊరుకుంటుంది. షేరు రెండోసారి చెయ్యి పడగానే ఎగిరి దూకింది. మోతి మూలిగి మూలిగి పళ్లు చూపింది. మొండితోకకు ఏమీ కాలేదు, పైగా ఆమె చెయ్యి నాకబోయి తుమ్మింది. కర్రెది కళ్లు మూసుకుని నిలబడింది.

"దీనికేం కాలే," అంది అత్త. మా అందరికీ అదే సరైనదనిపించింది.

మధ్యాహ్నం పటేలు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. వాళ్ల చేతుల్లో దుడ్డుకర్రలు.

"అన్నిటిని కొట్టి పారేద్దాం. ఊర్ల పోరగాండ్లున్నరు," అన్నాడు.

"రెంటిని కరిసింది పటేలా. కట్టేసిన. దేనికన్న పిస్స లేస్తె నేనే నీ ఇంటికొచ్చి చెప్త. కరువని దాన్ని సంపితె ఆ పాపం నీకు సగం, నాకు సగం. నీ సగం నువ్వు మోస్తవా?"

పటేలు ఆ సగం మోయడానికి సిద్ధంగా లేడు. కానీ ఊరు మమ్మల్ని వదిలేసింది. బావి దగ్గరికి పోతే ఆడవాళ్లు చేద తీసి పక్కకు జరిగేవారు. షేరు పశువుల కొట్టంలో, మోతి చేను గట్టున. ఒకదానికొకటి కనపడకుండా కట్టేసింది. గట్కను పొడుగాటి కర్రతో నెట్టేది. నాకు నిద్రపట్టేది కాదు. షేరు దగ్గితే లేచి కూర్చునేదాన్ని, మోతి దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని లేచి కూర్చునేదాన్ని. "అత్తా, అవి నీళ్లు తాగినయా?" అని రోజంతా అడుగుతూనే ఉండేదాన్ని. ఆమె విసుక్కోలేదు. "తాగినయి. నువ్వు గూడ తాగు" అనేది.

అలా ఒక నెల గడిచింది. కట్టేసిన రెండూ బాగానే తింటున్నాయి. బావి దగ్గర ఆడవాళ్లు మళ్లీ పలకరించసాగారు. నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఎందుకంటే ఆ రోజుల్లో కర్రెది నన్ను వదలడం మానేసింది. అంతకుముందు నన్ను పట్టించుకునేదే కాదు. ఇప్పుడు నేను ఎటు పోతే అటు వచ్చి ఒళ్లో తల పెట్టేది. ఒక కుక్క నన్ను ఇష్టపడిందని నాకు ఎంత గర్వమో.

ఆ మధ్యాహ్నం నేను గడప మీద కూర్చుని మక్కజొన్నలు ఒలుస్తున్నాను. కర్రెది నా మడమ నాకుతోంది. అక్కడ ముల్లు గుచ్చుకున్న పుండు ఉంది, నాకితే చల్లగా ఉంది. అత్త చేను నుంచి గడ్డిమోపుతో వచ్చింది. కర్రెది ఆమెను చూసి మొరిగింది. అత్త ఆగిపోయింది. ఆ గొంతు కర్రెదానిది కాదు. బొంగురుపోయి, చివర పైకి లేచి, జబ్బుపడ్డ ముసలామె ఎవరినో పిలిచినట్టుంది. అత్త మోపును మెల్లగా, చప్పుడు కాకుండా దింపింది.

"కోడలా. కాళ్లు మీదికి తీసుకో. నిమ్మళంగ. దాన్ని ముట్టకు."

అప్పుడు చూశాను. దాని కింది దవడ మూతపడటం లేదు. చొంగ తీగలా కారుతోంది. పొద్దున పెట్టిన గట్క చిప్పలో అలాగే ఎండిపోయింది. మెల్లగా కాళ్లు గడప మీదికి తీసుకున్నాను.

"అత్తా, ఏమైంది?"

"ఏం కాలే. విను. నేను దీన్ని తోల్కొని అర్రలకు పోత. నువ్వు దూరంగ ఎనుక రా. మేం లోపల పడంగనే తలుపేసి గొళ్లెం పెట్టు."

అర్ర అంటే గింజలు దాచే మట్టిగది. కిటికీ లేదు. ఒకటే తలుపు, దానికి బయట మాత్రమే గొళ్లెం. చీకటి గదిలోకి కర్రెది ఒక్కతే పోదు. తరిమితే నా మీదికో, ఊరి మీదికో పోతుంది. ఆమె ముందు నడిస్తేనే అది వెనక వస్తుంది. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు ఒక్కటే అడిగాను.

"మరి నువ్వో?"

"నేను తియ్యమన్నా తియ్యకు," అంది.

ఆ తర్వాత వీపు దానివైపు తిప్పి నడిచింది. "రాయే కర్రీ, రా, నీడకు పోదాం రా" అంటూ మామూలుగా, పొద్దున చేనుకు పోయేటట్టే నడిచింది. వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. కర్రెది తూలుకుంటూ ఆమె చీర అంచుకు ముక్కు ఆనించి వెంట పోయింది. ఆమె మడమలు నాకు ఇప్పటికీ కనపడుతున్నాయి, పగుళ్లు నిండిన మడమలు. ఇద్దరూ లోపలికి పోయారు. నేను ఉరికి తలుపు లాగాను. గొళ్లెం కొక్కెంలో పడలేదు. మళ్లీ జారింది. చివరికి పడింది.

మా మేనత్తను పిచ్చికుక్కతో కలిపి నా చేతులతో తాళం పెట్టినట్టు అనిపించింది. లోపల ఆమె మాట వినపడుతోంది. "పండుకో. ఎండ ఎక్కువైంది. మొండితోక నీ గట్క మీద కన్నేసింది, నేను తిననియ్యలే." ఒక గుర్రుమనే చప్పుడు. తలుపుకు ఏదో బలంగా తగిలింది, మట్టి రాలింది. ఆ తర్వాత ఆమె మాట ఆగిపోయింది. "అత్తా" అని పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. నా చెయ్యి గొళ్లెం మీదికి పోయింది. తియ్యమన్నా తియ్యకు అంది, కానీ తియ్యమనడం లేదే. పిలవని మనిషికి ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. తీస్తే అది నా మీదికి వస్తుంది, తియ్యకపోతే ఆమె చచ్చిపోతుంది. ఆ గొళ్లెం పట్టుకుని నిలబడ్డ కాసేపట్లో పడ్డ భయం ముందు, తర్వాత నా బతుకులో వచ్చినవన్నీ చిన్నవే.

అర్ర కప్పు మీద గూన పెంక ఒకటి జారి వాకిట్లో పడి పగిలింది. ఇంకొకటి. పెంకల నడుమ నుంచి పేడ అంటిన చెయ్యి, దాని వెనక దుమ్ము కొట్టుకుపోయిన తల బయటికి వచ్చాయి. లోపల పేడతో అలికిన వెదురు గుమ్మి ఉంది, గింజలు పోసుకునే మనిషెత్తు బుట్ట. దాని మీదికెక్కి, వాసాలు పట్టుకుని, పెంకలు తోసుకుని అత్త బయటపడింది. కింద అది చూస్తుంటే మాట్లాడకుండా ఎక్కాలని నోరు మూసుకుందట.

చూరు పట్టుకుని దిగింది. దిగగానే నా కాలు పట్టుకుని మడమ తిప్పి చూసింది.

"నాకిందా?"

"ఊఁ."

అక్కడే కూలబడింది. ఆమె ముఖంలో భయం నేను మొదటిసారి చూసింది అప్పుడే. నా భయాలన్నీ అంతదాకా ఆమెను చూసి ఆగేవి. ఇక ఆగడానికి చోటు లేకపోయింది. సబ్బు తెచ్చి నా మడమను కడిగింది, మళ్లీ కడిగింది, తోలు ఊడుతుందేమో అన్నంతసేపు కడిగింది. "ఏడ్వకపోతె నొప్పి లేదనుకున్న. నా ఇంట్ల తిరిగేదాని సంగతే నాకు తెల్వకపాయె," అని తనలో తనే అనుకుంటోంది.

చెప్పిన మాట ప్రకారం పటేలుకు ఆమే కబురు పంపింది. మనుషులు మళ్లీ దుడ్డుకర్రలతోనే వచ్చారు.

"కట్టెలు ఒద్దు పటేలా. అది ఏం తప్పు చేసింది? నీ తుపాకి తెప్పియ్యి. నేను పైకెక్కి పిలుస్త. నా దిక్కు సూస్తది. అప్పుడు కాల్చు."

గొల్లతాత బండి కట్టాడు. నిర్మల్ ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు వేస్తారు, వెంటనే పోవాలి. నన్ను బండిలో కూర్చోబెట్టి, "నువ్వు ముందు పో. దీన్ని సాగదోలి నేను గూడ వస్త. నా చేతులు గూడ పగిలున్నయి," అంది.

మర్నాడు వచ్చింది. మా ఇద్దరికీ పక్కపక్కనే మంచాలు. సూది దిగుతుంటే నేను ఆసుపత్రి లేచిపోయేలా అరిచేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని, కిక్కురుమనకుండా పడుకునేది. "నొప్పైతే ఏడ్వు అత్తా, గట్ల ఉండకు," అని బతిమాలాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చింది. సూది వేసే ఆయన సూది నొప్పికే అనుకున్నాడు.

మేం బతికాం. షేరు, మోతి, మొండితోక కూడా బతికాయి. తర్వాత ఇంకా కుక్కలు వచ్చాయి, పోయాయి. అయితే ఆమె మళ్లీ ఎన్నడూ కారంతో కుక్కను పరీక్షించలేదు. అనుమానం వస్తే అన్నిటినీ కట్టేసేది. నా పెళ్లయ్యాక ఒకసారి పోయినప్పుడు అడిగాను, ఆ రోజు కప్పు మీద దానితో ఏం మాట్లాడావని. "రోజూ మాట్లాడే ముచ్చట్లే. కొత్తవి మాట్లాడితే అది బుగులు పడదా?" అంది.

పోయిందని విన్న దగ్గరనుంచి నాకు ఆసుపత్రి గుర్తు రావడం లేదు. బండే గుర్తొస్తోంది. బండి ఊరు దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. అర్ర కప్పు మీద, పెంకలు తీసిన సందు పక్కన అత్త గొంతుక్కూర్చుని ఉంది. చీర చెంగు నడుముకు దోపుకుంది. తల లోపలికి వంచింది. వెనక నిచ్చెన మీద పటేలు తుపాకి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడకుండానే ఒక చెయ్యి వెనక్కి చాపి, ఇంకా ఆగమంటోంది. తుపాకి చప్పుడు నాకు వినపడలేదు. బండి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలాగే చాపి ఉంది, ఆమె కిందికి వంగి మాట్లాడుతూనే ఉంది.